మాటల వ్యాపారంలో మన పాలెంత?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టును గాని, రావులపాలెం అరటి మార్కెట్టును గాని ఒకసారి శ్రద్ధగా చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. సరుకు బరువును కాటా చెబుతుంది. సరుకు పేరును మాత్రం జనం చెబుతారు. ఫలానా తోట కాయ మంచిదనీ, ఫలానా వారి తూకం నమ్మదగినదనీ ఒక నోట పుట్టిన మాట పది నోళ్ళలో పడి, తుదకు ధరనే నిర్ణయిస్తుంది. అందుచేతనే పూర్వపు వర్తకుడు దుకాణం కట్టివేసిన తరువాత కాఫీ హోటలులో కాసేపు కూర్చునేవాడు. తన సరుకును గురించి ఊరు ఏమనుకుంటున్నదో అక్కడ ఆయన చెవిని పడేది. ఆ వినికిడికి ఆయనకైన ఖర్చు ఒక కాఫీ మాత్రమే.

నేడు ఆ కాఫీ హోటలు మన చేతిలోని ఫోనులోనికి వచ్చినది. మనం తిన్న మిఠాయిని మెచ్చుకున్నా, కొన్న మిక్సీని తిట్టుకున్నా, ఎక్కిన బస్సును గురించి గొణిగినా ఆ మాటలు సామాజిక మాధ్యమాలలో అక్షరాలై నిలుస్తున్నవి. ఆ మాటలను పోగుచేసి, పేర్లవారీగా విడదీసి, మెప్పెంత, తిట్టెంత అని లెక్కకట్టి, ఆయా కంపెనీలకు అందజేయుట ఇప్పుడొక పెద్ద వ్యాపారం. దీనిని వ్యాపార పరిభాషలో ‘బ్రాండ్ మానిటరింగ్’ అంటున్నారు. తెలుగులో మనం ‘పేరు కాపలా’ అనుకుందాం. ఈ కాపలా వలన సామాజిక మాధ్యమాలు ధనం ఆర్జించవచ్చునా, ఆర్జించితే అది ధర్మమేనా, ఆ ధర్మానికి హద్దులేవి అన్నదే ఈ వ్యాసంలో నేను విచారించదలచిన విషయం.

ఇది మనకెందుకు అని విద్యార్థులు అడుగవచ్చును. నాకు ఈ ఆలోచన ఒక విద్యార్థి వలననే కలిగినది. కొత్తపేట వైపు నుండి వచ్చే ఆ పిల్లవాని తల్లి పూతరేకులు తీసి కుటుంబాన్ని పోషిస్తున్నది. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్క లాగు లాగితే కాగితంకంటె పలుచనైన రేకు లేస్తుంది. ఆ వేడిముందు గంటల తరబడి కూర్చోవడం ఎంతటి శ్రమయో చూచినవారికే తెలుస్తుంది. ఒకనాడు ఆ పిల్లవాడు తరగతి ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, “సార్, ఎక్కడో పట్నంలో ఎవరో పాచిపోయిన పూతరేకులు అమ్మినారట. కొన్నాయన వీడియో తీసి మా ఊరి పేరునే తిట్టినాడు. మాకు పది రోజులకు గాని ఆ సంగతి తెలియలేదు. అప్పటికే వచ్చే ఆర్డర్లు ఆగిపోయినవి” అన్నాడు.

అదే ఒక పెద్ద సబ్బుల కంపెనీ పేరు మీద అటువంటి వీడియో వస్తే గంట తిరుగకముందే ఆ కంపెనీకి కబురు అందుతుంది. పేరు చెడగొట్టిన మాట ఏ నగరంలో పుట్టినది, ఎందరు చూచినారు, ఎందరు నమ్మినారు అన్న లెక్క మేనేజరు బల్లమీద ఉంటుంది. ఆ తల్లికి మాత్రం పది రోజులు పట్టినది. పేరు ఇద్దరికీ ఉన్నది. కాపలా ఒకరికే ఉన్నది. ఈ తేడా ఎందుకు వచ్చినదో తెలుసుకోవాలంటే ఈ వ్యాపారపు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడవలసి ఉంటుంది.

పేరు కాపలా నిన్న మొన్న పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలోనే హెన్రీ రొమీకె అనే ఆయన లండన్, న్యూయార్క్ నగరాలలో పత్రికల కత్తిరింపులు అమ్మే సంస్థలను నడిపినాడు. తమను గురించి పత్రికలు ఏమి వ్రాసినవో తెలుసుకోగోరే నటులు, రాజకీయవేత్తలు, వర్తకులు ఆయనకు చందా కట్టేవారు. సామాజిక మాధ్యమాలు వచ్చిన తరువాత కత్తెర స్థానంలో కంప్యూటరు నిలిచినది. కెనడాలో పుట్టిన ‘రేడియన్6’ అనే సంస్థ ఈ పనిలో పేరు గడించగా, 2011లో సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా సంస్థ సుమారు 32 కోట్ల 60 లక్షల డాలర్ల విలువకు దానిని కొనుగోలు చేసినది. ట్విట్టరు సంస్థ అంతవరకు తన వేదికమీది మాటలను టోకున ఇతరులకిచ్చి, వారిచేత చిల్లరగా అమ్మించేది. 2014లో అట్టి టోకు వర్తక సంస్థలలో ఒకటైన ‘నిప్’ను తానే కొనివేసినది. కాయలు అమ్మే రైతు తానే మండీ తెరచినట్లయినది.

అంకెలు చూడండి. సమాచార లైసెన్సుల వలన ట్విట్టరుకు 2012లో వచ్చిన ఆదాయం 4 కోట్ల 75 లక్షల డాలర్లు. 2021 నాటికి ‘సమాచార లైసెన్సులు, ఇతరములు’ అన్న పద్దుకింద అది సుమారు 57 కోట్ల డాలర్లకు పెరిగినది. ఆ సంవత్సరం సంస్థ మొత్తం ఆదాయం సుమారు 508 కోట్లు. అనగా నూటికి 11 పాళ్ళు ప్రకటనల వలన గాక ఈ పద్దు వలన వచ్చినవి. ఇందులో పేరు కాపలా ఒక్కటే లేదు, నిజమే. కాని పదిమంది మాట్లాడుకున్న మాటకే ఒక వెల ఉన్నదని చెప్పడానికి ఈ లెక్క చాలును. 2024లో రెడ్డిట్ అనే మాధ్యమం తన వాటాలను ప్రజలకు అమ్మజూపినప్పుడు, సమాచార లైసెన్సుల ఒప్పందాల మొత్తం విలువ 20 కోట్ల 30 లక్షల డాలర్లని ప్రకటించినది. ఇక్కడ కొన్నవారి అవసరం వేరు, కృత్రిమ మేధకు మాటలు నేర్పుట. అమ్ముడుపోయిన సరుకు మాత్రం అదే, జనం మాట.

నా అభిప్రాయం మొదటనే చెబుతాను. ఈ ఆదాయం దానంతట అది అధర్మం కాదు. ఒక విధంగా చూస్తే ప్రకటనల ఆదాయంకంటె ఇది మేలు. ప్రకటనలమీద బ్రతికే మాధ్యమానికి మన కన్ను కావాలి. మనం ఎంతసేపు తెరకు అతుక్కుని ఉంటే దానికి అంత లాభం. కోపం, అసూయ, వదంతి మనిషిని అతికించి ఉంచే జిగురులు గనుక వాటికే అక్కడ పెద్దపీట వేస్తారు. పేరు కాపలా అమ్మే మాధ్యమానికి కావలసినది మన నిజమైన అభిప్రాయం. దొంగ పొగడ్తలు, అద్దె తిట్లు నిండిన చోట సేకరించిన లెక్కను ఏ కంపెనీ కొంటుంది? కనుక తన వేదిక శుభ్రంగా ఉంచుకోవలసిన అవసరం ఆ మాధ్యమానికి కలుగుతుంది. తప్పు చేసిన వ్యాపారికి ప్రజల ఫిర్యాదు త్వరగా చేరడం వినియోగదారునికి కూడా ఉపకారమే.

అయితే ఈ మాటతో నా వాదం ముగిసిపోలేదు. మాటను అమ్మవచ్చును గాని, మాట్లాడినవానిని అమ్మరాదు. ఈ రెంటికీ నడుమ ఉన్న గీత చాల సన్ననిది. ‘ఈ నెలలో కోనసీమలో ఫలానా కొబ్బరినూనె మీద ఫిర్యాదులు పెరిగినవి’ అని చెప్పుట మాటను అమ్ముట. ‘ఫలానా వీధిలోని ఫలానా ఆయన, ఫలానా మతస్థుడు, ఫలానా పార్టీవాడు ఈ మాట అన్నాడు’ అని చెప్పుట మనిషిని అమ్ముట. మొదటిది వర్తకం, రెండవది గూఢచర్యం.

ఈ గీత దాటిన సందర్భాలు లోకంలో లేకపోలేదు. కేంబ్రిడ్జ్ ఎనలిటికా వ్యవహారంలో సుమారు 8 కోట్ల 70 లక్షల మంది వివరాలు అనుచితంగా పంచుకోబడి ఉండవచ్చునని 2018లో ఫేస్‌బుక్ సంస్థయే ఒప్పుకున్నది. మరుసటి సంవత్సరం అమెరికా వాణిజ్య సంఘం దానికి 500 కోట్ల డాలర్ల జరిమానా విధించినది. అంతకుముందు 2016లో జియోఫీడియా అనే సంస్థ సంగతి బయటపడినది. సామాజిక మాధ్యమాల మాటలను ఊరువారీగా పోగుచేసి అమ్ముటయే దాని వ్యాపారం. వర్తక సంస్థలకు పనికివచ్చే ఆ పనిముట్టునే అది అమెరికాలో నిరసనకారులను కనిపెట్టుటకని పోలీసు శాఖలకు కూడా అమ్మజూపినది. ఆ సంగతి పౌరహక్కుల సంఘం వెలికితీయగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టరు దానికి సమాచారం నిలిపివేసినవి. సబ్బు పేరును కనిపెట్టే పనిముట్టు మనిషిని కనిపెట్టుటకు ఎంత సులువుగా మారుతుందో దీనివలన తెలుస్తున్నది.

మన దేశంలో కూడా 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ‘సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్’ ఒకటి స్థాపించి, జిల్లా జిల్లాలలో ఆన్‌లైన్ మాటలను గమనించ తలపెట్టినది. ఇది నిఘా రాజ్యాన్ని తలపిస్తున్నదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించగా, ప్రభుత్వం ఆ సంవత్సరం ఆగస్టులో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నది. 2022 మే నెలలో అమలాపురంలో అల్లర్లు జరిగినప్పుడు కోనసీమ అంతటా ఇంటర్నెట్ సేవలు ఎన్నో దినములు నిలిచిపోయిన సంగతి మనలో ఎవరూ మరచి ఉండరు. ఉద్యోగాలు, చదువులు, చెల్లింపులు ఒక్కసారిగా ఆగిన ఆ దినాలలో రెండు సంగతులు బోధపడినవి. మాట ఎంత త్వరగా నిప్పు కాగలదో ఒకటి; ఆ మాటల దారిమీద మన బ్రతుకు ఎంతగా ఆధారపడినదో మరొకటి. అట్టి చోట మాటలను మతంవారీగా, కులంవారీగా విడదీసి లెక్కించే పనిముట్టు ఎవరి చేతిలోనైనా ప్రమాదమే. మైనారిటీ కళాశాలలో చదివే, చదివించే మనకు ఈ విషయంలో మరింత జాగరూకత అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టం మనలను కాపాడుతుంది కదా అనవచ్చును. కొంతవరకే. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించినది. కాని ఎవరైనా తమ వివరాలను తామే బహిరంగపరచినట్లయితే ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదని దాని 3వ సెక్షను చెబుతున్నది. అనగా పదిమంది చూచేటట్లు మనం వ్రాసిన మాటకు ఆ చట్టపు గొడుగు లేదు. పేరు కాపలావారు ఏరుకునేది సరిగా అట్టి మాటలనే. ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి అప్పగించిన సొమ్ము అని దాని భావం. దాచుకున్నవాడు దానిని కాపాడవలెను, అడిగినప్పుడు తిరిగి ఇవ్వవలెను. మనం మాధ్యమాలకు అప్పగిస్తున్న మాటలను అవి అమానత్తుగా చూడవలెనని కోరుట అత్యాశ కాదు. కనీసం నేను తుడిచివేసిన మాట వారు అమ్మిన ప్రతులలో నుండి కూడా తుడిచివేయబడవలెను. వాట్సాప్ వంటి ఆంతరంగిక సంభాషణల జోలికి ఏ కాపలావాడూ పోరాదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మన మాటతో ధనం ఆర్జిస్తున్నారు గనుక మనకూ వాటా ఇవ్వవలెనని కొందరంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని లెక్క వేసి చూద్దాం. 2021 చివర ట్విట్టరును దినదినం వాడేవారు ప్రపంచమంతటా సుమారు 21 కోట్ల మంది. ఆ సంవత్సరపు 57 కోట్ల డాలర్లను ఖర్చులేమీ తీయకుండ అందరికీ సమంగా పంచినా మనిషికి ఏడాదికి మూడు డాలర్లైనా రావు. ఆ మూడు డాలర్లకోసం మన మాటను శాశ్వతంగా అమ్ముకున్నట్లు పత్రం వ్రాసి ఇచ్చినవారమవుతాం. కనుక మన వాటా నగదులో అడుగరాదని నా నిశ్చితాభిప్రాయం. వాటా వినికిడిలో అడుగవలెను. జనం మాటలతో నిండిన బావి నుండి పెద్ద కంపెనీలు మోటార్లు పెట్టి తోడుకుంటున్నప్పుడు, ఊరివారికి ఒక చేద వేసుకునే హక్కు ఉండవలెను.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి విరుద్ధం. ట్విట్టరు 2022లో చేతులు మారి, తరువాత ‘ఎక్స్’ అయినది. 2023లో ఆ సంస్థ అంతవరకు ఉచితంగా తెరచి ఉంచిన సమాచార ద్వారాన్ని మూసి, నెలకు 100 డాలర్ల నుండి ధరలు ప్రకటించినది. చెప్పుకోదగినంత సమాచారం కావలసినవారికి నెలకు 5,000 డాలర్ల మెట్టు ఒకటి ఏర్పరచినది. ఫేస్‌బుక్ యాజమాన్యం కూడా పరిశోధకులకు, పాత్రికేయులకు ఉపయోగపడుతుండిన క్రౌడ్‌టాంగిల్ అనే పనిముట్టును 2024 ఆగస్టులో మూసివేసినది. ధర పెట్టడం తప్పు కాదు. పెద్దవాని స్తోమతుకు మాత్రమే తగిన ధర పెట్టడం తప్పు. అంతేకాదు, వ్యాపార దృష్టితో చూచినా అది తెలివితక్కువ. కొబ్బరిచెట్టున్న ఇంట కాయ ఒక్కటే సొమ్ము కాదు. పీచు, ఆకు, ఈనె, చిప్ప అన్నీ సొమ్మే. నెలకు 100 రూపాయల చందామీద ‘మీ పేరు ఇక్కడ వినబడినది’ అన్న కబురు మాత్రం పంపే చిన్న సేవను పదివేల మంది చిన్న వర్తకులు తీసుకుంటే నెలకు 10 లక్షలు. ఇట్టి చిన్న వర్తకులు మన దేశంలో పదివేలతో ఆగుతారా?

భౌగోళిక గుర్తింపు పొందిన సరుకుల విషయంలో మాధ్యమాలు మరొక అడుగు ముందుకు వేయవచ్చును. 1999 నాటి చట్టం ప్రకారం ఒక ప్రాంతపు పేరుమీద ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులకు హక్కు లభిస్తుంది. ఉప్పాడ జాందానీ చీరలకు 2009లోను, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోను ఈ గుర్తింపు వచ్చినది. కాని హక్కు కాగితంమీద ఉంటే చాలదు. ఆ పేరు ఎవరు ఎక్కడ ఎట్లు వాడుతున్నారో తెలిసినప్పుడే దానిని నిలబెట్టుకోగలం. అట్టి సరుకుల సంఘాలకు ఈ సేవను ఉచితంగానో నామమాత్రపు రుసుముకో ఇచ్చి, అందుకైన ఖర్చును పెద్ద కంపెనీల చందాలో కలుపుకోవచ్చును. ఇది దానం కాదు. ఆ పేర్లను గురించి జనం మాట్లాడుకోబట్టే ఆ వేదికలు కళకళలాడుతున్నవి.

భాష విషయం ఒకటి మిగిలినది. ఇది మా తెలుగు శాఖవారు చెప్పవలసిన మాట. యంత్రం మాటలను లెక్కించగలదు గాని, గోదావరి జిల్లాల వెటకారాన్ని పట్టుకోగలదా? హోటలులో చల్లారిన ఇడ్లీ తిన్న మన ఊరి మనిషి “ఆహా, ఏమి ఇడ్లీ అండి! జన్మ తరించిపోయింది” అని వ్రాస్తాడు. యంత్రం దానిని మెప్పుల పద్దులో జమ చేస్తుంది. దక్కనీ ఉర్దూలో ‘క్యా బాత్ హై’ అన్నది పొగడ్తయో ఎత్తిపొడుపో చెప్పడానికి గొంతు తెలియాలి, ఊరు తెలియాలి. పైగా మన యువకులు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తున్నారు. ఈ చిక్కులు విప్పగలవారు కావలసి ఉన్నారు. తెలుగు, ఉర్దూ రెండూ ఎరిగిన మన విద్యార్థుల భాషా జ్ఞానం ఇక్కడ జీవనోపాధి కాగలదు. మాతృభాష చదివితే ఏమి లాభం అని అడిగే తల్లిదండ్రులకు ఇది ఒక జవాబు.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. వాణిజ్య శాఖ, తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చును. పూతరేకులు, కొబ్బరి, బండారులంక నేత వంటి మన ప్రాంతపు పేర్లను గురించి బహిరంగంగా వస్తున్న మాటలను వారానికొకసారి విద్యార్థులు చదివి, సారాంశం వ్రాసి, ఆయా ఉత్పత్తిదారుల సంఘాలకు ఉచితంగా అందజేయవలెను. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కంప్యూటరు గదిలో రెండు గంటల సమయం, ఒక అధ్యాపకుని పర్యవేక్షణ చాలును. ఒక్క నియమం మాత్రం మొదటి పుటలోనే వ్రాసుకోవలెను: మాట వ్రాయవలెను గాని మాట్లాడినవారి పేరు వ్రాయరాదు. పెద్ద సంస్థలు పాటించవలసిన ధర్మాన్ని మన పిల్లలు ముందుగా ఆచరించి చూపుదురు గాక.

విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది కొంచెమే. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు అన్నారు. మీరు బహిరంగంగా వ్రాసే ప్రతి మాటను ఎవరో ఒకరు లెక్కిస్తున్నారని తెలిసి వ్రాయండి. భయపడి మానుకొమ్మని నా భావం కాదు. ఒక సరుకును తిట్టవలసి వస్తే, ఎక్కడ కొన్నారో, ఏమి తప్పు కనిపించినదో స్పష్టంగా వ్రాయండి. పాచిపోయిన పూతరేకును అమ్మిన దుకాణాన్ని తప్పక అడగండి. కుండముందు కూర్చున్న తల్లుల ఊరిని తిట్టకండి.

నా విద్యార్థి ఇప్పుడు ప్రతి రాత్రి పడుకోబోయే ముందు తన ఊరి పేరు ఫోనులో వెదకి చూచుకుంటున్నాడట. తల్లి రేకులు తీస్తుంటే కొడుకు పేరుకు కాపలా కాస్తున్నాడు. అర్ధరాత్రి ఒక పిల్లవాడు ఒంటరిగా చేస్తున్న ఈ పనిని అందరికీ అందుబాటు ధరలో, ఎవరి గుట్టూ బయటపెట్టకుండ చేయగల శక్తి ఆ మాధ్యమాలకు ఉన్నది. అట్లు చేసి అవి సంపాదించే సొమ్ము న్యాయమైన సొమ్మే అవుతుంది.